హెల్త్ చెకప్ ప్యాకేజీలో ‘ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్’ అని వస్తే వెంటనే మందులు కొనకండి

ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్లే ల్యాబ్‌ల ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలు కొనేవారు, ముఖ్యంగా ఇంట్లోని పెద్దవాళ్ల కోసం కొనేవారు, వాటిలో కలిపి ఇచ్చే రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఆర్‌ఏ ఫ్యాక్టర్) పరీక్ష విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలని కోరుతున్నాను. డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మగారికి అటువంటి ప్యాకేజీ తీసుకున్నాము. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఉండవలసినదానికి దాదాపు రెట్టింపు ఉందని రిపోర్టు వచ్చింది. ఆ వెంటనే సంస్థవారు ఫోన్ చేసి, ఆమెకు కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) మొదలైందని, ఆలస్యం చేస్తే వేళ్లు వంకర్లు పోతాయని చెప్పి, నెలల తరబడి వాడవలసిన మందులతో పాటు మరింత ఖరీదైన పరీక్షల ప్యాకేజీని కూడా అంటగట్టారు. అప్పటికి ఏ డాక్టరూ ఆమెను చూడనే లేదు.

తరువాత మేము సంప్రదించిన రుమటాలజిస్టు (కీళ్లవాత వ్యాధుల నిపుణులు) ముందుగా ఆమె చేతివేళ్ల కణుపులు, మణికట్లు, పాదాలు నొక్కి చూశారు. ఎక్కడా వాపు లేదు, పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోవడమూ లేదు. ఒంట్లో వాపును తెలిపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు మామూలుగానే ఉన్నాయి, కీళ్లవాతాన్ని మరింత కచ్చితంగా సూచించే యాంటీ సీసీపీ పరీక్ష నెగటివ్ వచ్చింది. మోకాళ్ల నొప్పికి కారణం అరుగుదల మాత్రమేనని తేలింది.

రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనేది మన శరీరంలోని ఐజీజీ రకం యాంటీబాడీల (రోగాలతో పోరాడే ప్రొటీన్ల) మీదనే పనిచేసే మరొక యాంటీబాడీ. రోగనిరోధక వ్యవస్థ ఏ కారణంగానైనా చాలాకాలం రెచ్చిపోయి ఉంటే ఇది పెరగవచ్చు కాబట్టి, కీళ్లవాతం లేనివారిలోనూ కనిపిస్తుంది. హెపటైటిస్ సి, గుండె కవాటాలకు పట్టే ఇన్‌ఫెక్షన్, క్షయ, కుష్ఠు, సిఫిలిస్ వంటి వ్యాధుల్లోనూ, కళ్లూ నోరూ ఎండిపోయే షోగ్రెన్ వ్యాధిలోనూ, లూపస్, సార్కాయిడోసిస్, కొన్ని ఊపిరితిత్తుల, కాలేయ జబ్బులలోనూ, కొన్ని రకాల లింఫోమా క్యాన్సర్లలోనూ పాజిటివ్ రావచ్చు. వైరల్ జ్వరాల తరువాత కొంతకాలం కనిపించి తగ్గిపోవచ్చు. పొగతాగేవారిలో ఎక్కువ. ఇవేవీ లేకుండా, కేవలం వయసు పైబడటం వల్ల కూడా వస్తుంది. అరవై అయిదు దాటినవారిలో ఇది అంత అరుదేమీ కాదు. పైగా ఆర్‌ఏ ఫ్యాక్టర్‌ను చూసే పద్ధతుల్లో ఒకటైన, స్లైడు మీద చేసే లేటెక్స్ పరీక్షలో నిర్ణీత సమయం దాటాక ఫలితం చూసినా, రక్తంలో కొవ్వు మరీ ఎక్కువగా ఉన్నా తప్పుడు పాజిటివ్ రావచ్చు.

లెక్క వేసి చూస్తే ప్యాకేజీల్లో ఈ పరీక్షను చేర్చడం ఎంత అనర్థమో తెలుస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ సుమారు నూటికి ఒకరికి ఉంటుందనుకుందాం. వెయ్యి మందిలో పది మంది రోగులలో ఏడెనిమిది మందికి పాజిటివ్ వస్తుంది. మిగిలిన 990 మందిలో నూటికి అయిదుగురి చొప్పున చూసినా యాభై మంది వరకు పాజిటివ్ అవుతారు. అంటే లక్షణాలు చూడకుండా అందరికీ చేస్తే, భయపడేవారిలో ఎక్కువమందికి ఆ జబ్బే ఉండదు. 2010లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ప్రకటించిన ప్రమాణాలు కూడా కనీసం ఒక కీలులోనైనా వాపు ఉన్నట్లు డాక్టరు గుర్తించిన తరువాతే వర్తిస్తాయి. మొత్తం పది మార్కులలో ఆరు రావాలి. ఈ రక్తపరీక్షకు, ఎంత ఎక్కువ వచ్చినా, మూడే మార్కులు.

నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించే విషయం మరొకటి ఉంది. పాజిటివ్‌కు అసలు కారణం హెపటైటిస్ సి అయి ఉండి, ఆ సంగతి చూడకుండా కీళ్లవాతమని దానికి వాడే మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెడితే, అప్పటికే దెబ్బతింటున్న కాలేయానికి మరింత హాని జరగవచ్చు. హెపటైటిస్ సి ఇప్పుడు చాలావరకు నయమయ్యే వ్యాధి, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మందులు ఉచితంగా ఇస్తున్నారు. అందుచేత పాజిటివ్ రిపోర్టును చెత్తబుట్టలో పడేయమని నేను చెప్పడం లేదు, దానిని డాక్టరుకు చూపించి కారణం వెతకమని కోరుతున్నాను. కీళ్లు వాచి, నొప్పి తగ్గనివారు రిపోర్టు నెగటివ్ వచ్చినా డాక్టరును కలవాలి. ఎందుకంటే రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి ఈ పరీక్ష నెగటివ్‌గానే ఉంటుంది.

డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే, రిపోర్టులోని అంకె సరైనదే కదా అని సంస్థ జవాబిచ్చింది. అంకె సరైనదే కావచ్చు, కానీ దానిని చూపించి రోగిని చూడకుండానే జబ్బు పేరు చెప్పి మందులు అమ్మడమే మా అభ్యంతరం. ప్యాకేజీ తీసుకునేముందు అందులో ఏయే పరీక్షలున్నాయో జాబితా అడగండి, డాక్టరు రాయకపోతే ఆర్‌ఏ ఫ్యాక్టర్‌ను తీసివేయమనండి, ఫోన్‌లో మందులు సూచించేవారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాతపూర్వకంగా ఇవ్వనిదే ఒక్క రూపాయి కూడా చెల్లించకండి.