ఎదురుగాలికి ఏరోబార్: భీమిలి రోడ్డు మీద చాన్నాళ్లు వాడి చూశాక

రోడ్ బైక్ మీద ఒంటరిగా లాంగ్ రైడ్లు చేసేవాళ్లు సగటు వేగం పెరగాలంటే ముందు కొనాల్సింది తేలికపాటి చక్రాలు కాదు, మోచేతులు ప్యాడ్ల మీద ఆనించి ముందుకు వంగి తొక్కేందుకు హ్యాండిల్‌కి బిగించుకునే క్లిప్-ఆన్ ఏరోబార్. నా మాట ఇదే.

విశాఖలో వేసవి వచ్చిందంటే నైరుతి గాలి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, దారి ఎలా అయిపోయిందో కూడా తెలీదు. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో. వెళ్లేటప్పుడు గంటకు 30, వచ్చేటప్పుడు 20 కి.మీ. వేగంతో తొక్కితే సగటు 25 రాదు, 24 వస్తుంది. నెమ్మదిగా తొక్కే దారిలోనే ఎక్కువసేపు ఉంటాం మరి. కాబట్టి వెళ్లేటప్పుడు ఇంకాస్త బలం పెట్టడం కన్నా, వచ్చేటప్పుడు వేగం పడిపోకుండా కాచుకోవడమే లాభం.

గుంపులో అయితే ముందువాళ్ల చాటున తొక్కొచ్చు. ఒక్కరమే వెళ్తే గాలంతా మన ఛాతీకే తగులుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, అందులో ఎక్కువ భాగం మన ఒంటి వల్లే. మోచేతులు ప్యాడ్ల మీద ఆనించి వంగితే ఆ అడ్డు తగ్గుతుంది. 1989 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు చివరి రోజు టైమ్ ట్రయల్‌ని (ఒక్కొక్కరే విడిగా తొక్కే పోటీ) అమెరికా సైక్లిస్ట్ గ్రెగ్ లెమాండ్ ఇలాంటి బార్లతోనే తొక్కి, మొత్తం రేసును 8 సెకన్ల తేడాతో గెలిచాడు. నా విషయానికొస్తే, మంగమారిపేట దగ్గర ఎదురుగాలిలో ఇదివరకు 22 చూపించే మీటర్, గుండె వేగం అంతే ఉన్నా ఇప్పుడు 24 దాటుతోంది. పెద్ద తేడాలా అనిపించదు గానీ, గంటల తరబడి తొక్కేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

మొదట్లో మెడ, నడుము పట్టేస్తాయి. ప్యాడ్లు ఎత్తుగా పెట్టుకుని, సీటు కొంచెం ముందుకు జరిపి, పది నిమిషాల చొప్పున అలవాటు చేసుకుంటే సర్దుకుంటుంది.

బ్రేకులు చేతికి అందవు, ఇదే పెద్ద లోపం. రుషికొండ దగ్గర ఆటోలు, బీచ్‌కి వచ్చేవాళ్లు ఎటు నుంచి వస్తారో చెప్పలేం. అక్కడ చేతులు బ్రేకుల మీదే ఉండాలి. సిటీ దాటేదాకా ఏరోబార్ ముట్టుకోను.

ఇంకోటి, మన ఉప్పుగాలి. ప్యాడ్ల కింది బోల్టులకు తుప్పు పట్టి, ఎలెన్ కీ తిప్పితే తలలు అరిగిపోయాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు వేయించి, గ్రీజు రాసి బిగించాక ఆ బాధ పోయింది. స్పాంజి ప్యాడ్లు చెమట పీల్చి కంపు కొడతాయి, రైడ్ అవ్వగానే విప్పి మంచినీళ్లతో కడగాలి.

కొనేముందు ఏరోబార్ క్లాంప్ (బిగించే పట్టీ) సరిపోయేలా హ్యాండిల్ మధ్యభాగం మందం 31.8 మి.మీ. ఉందో లేదో కొలుచుకోండి. కార్బన్ హ్యాండిల్ అయితే క్లాంప్ బిగించొచ్చో లేదో కంపెనీ మాన్యువల్‌లో చూశాకే డబ్బులు పెట్టండి.