ఐపీటీజీనా, లాక్టోజా: బీఎల్21(డీఈ3)లో ఏది వాడాలి?

బీఎల్21(డీఈ3) అంటే ప్రొటీన్ తయారీకి వాడే ఈ. కోలై బ్యాక్టీరియా రకం. మనకు కావాల్సిన ప్రొటీన్ తయారీని అందులో మొదలుపెట్టించడమే ఇండక్షన్. దానికి వాడే లాక్టోజ్ (పాల చక్కెర), ఐపీటీజీ (దాన్ని పోలిన కృత్రిమ రసాయనం) రెండూ చివరికి చేసేది ఒకటే, జీన్‌ను ఆపి ఉంచే లాక్ రిప్రెసర్ అనే ప్రొటీన్‌ను డీఎన్ఏ మీద నుంచి వదిలించడం. అయితే లాక్టోజ్ నేరుగా ఆ పని చేయదు. కణపొరలోని పర్మియేజ్ అనే ప్రొటీన్ దాన్ని లోపలికి తేవాలి, బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ కొంత భాగాన్ని అల్లోలాక్టోజ్‌గా మార్చాలి. రిప్రెసర్‌కు అతుక్కునేది అదే. ఐపీటీజీకి ఈ తతంగం లేదు. పర్మియేజ్ లేకున్నా చొరబడుతుంది, ఎంజైమ్ దాన్ని కోయలేదు కాబట్టి మోతాదు తగ్గదు.

ఐపీటీజీ 2.38 గ్రాములను నీటితో 10 మి.లీ. చేస్తే 1 మోలార్ స్టాక్ (నిల్వ ద్రావణం). ఓడీ600 (కణాలు ఎంత పెరిగాయో చూపే కొలత) 0.6 దగ్గర లీటరు కల్చర్‌కు అర మి.లీ. (అంటే 0.5 మిల్లీమోలార్) చాలు. ప్రొటీన్ కరగకుండా ఇంక్లూజన్ బాడీల్లో (కణంలోని ప్రొటీన్ ముద్దల్లో) పేరుకుంటే మోతాదు పెంచడం దండగ, 0.1 మిల్లీమోలార్‌కు తగ్గించి, 18 డిగ్రీలకు దించి, రాత్రంతా ఉంచండి.

లాక్టోజ్ పద్ధతిలో ఓడీకి కాపలా కాయక్కర్లేదు. 0.05% గ్లూకోజ్, 0.2% లాక్టోజ్, 0.5% గ్లిసరాల్ ముందే కలిపేస్తారు. గ్లూకోజ్ ఉన్నంతసేపూ దాని రవాణా ప్రొటీన్ పర్మియేజ్‌ను మూసి ఉంచుతుంది. గ్లూకోజ్ అయిపోగానే ఇండక్షన్ దానంతటదే మొదలవుతుంది. చిక్కంతా చల్లటి కల్చర్లతోనే: 18 డిగ్రీల్లో గ్లూకోజ్ తరగక ముందే కణాలను సేకరించేసి, ప్రొటీన్ రాలేదంటారు. ముందు 37 డిగ్రీల్లో కొన్ని గంటలు పెంచాలి. గాలి బాగా ఆడాలి, ఫ్లాస్కులో ఐదో వంతుకు మించి మీడియం పోయకూడదు.

క్లోన్లు చాలా ఉంటే లాక్టోజే నయం. గంట గంటకూ శాంపిల్ తీసే ప్రయోగానికీ, లాక్‌వై (పర్మియేజ్ జీన్) తీసేసిన స్ట్రెయిన్లకూ ఐపీటీజీ తప్పదు.