స్టీలు క్యారియర్, గాజు డబ్బాలు, పింగాణీ జాడీలు: ఆరేళ్ల వాడకం తరువాత

2019లో పాపకు పాలసీసా కొనబోయినప్పుడు దాని అట్టపెట్టె మీద ‘బీపీఏ లేదు’ అన్న మాట చూసి, అదేమిటో తెలుసుకున్నాను. గట్టి పాలికార్బొనేటు ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్ ఎ (బీపీఏ) అనే రసాయనం శరీరంలో ఈస్ట్రోజన్ హార్మోనులా ప్రవర్తిస్తుంది కనుక, ఐరోపా సమాఖ్య 2011లోనే పాలసీసాలలో దానిని నిషేధించింది. అయితే దాని స్థానంలో వచ్చిన బిస్ఫినాల్ ఎస్ కూడా అదే కోవకు చెందినదని తెలిశాక, అట్టపెట్టె మీది మాటను నమ్ముకోవడం కంటే వేడి, నూనె, పులుపు తగిలే చోట ప్లాస్టిక్‌నే తీసివేయడం మేలనిపించింది. రసాయనాలు పదార్థంలోకి ఎక్కువగా దిగేది ఆ మూడింటి వల్లనే. పప్పులు, ఉప్మారవ్వ ఇప్పటికీ పాత ప్లాస్టిక్ డబ్బాలలోనే ఉన్నాయి, వాటిని మార్చవలసిన అవసరం నాకు కనిపించలేదు.

అన్నిటికంటే సంతృప్తినిచ్చినవి జాడీలు. ఉప్పు, ఆవపిండి, నూనె, మామిడి పులుపు కలిసి ఏడాది పొడవునా నిలవ ఉండే ఆవకాయను మేము కొన్నేళ్లు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాము. ఎన్నిసార్లు తోమినా ఆ డబ్బాకు ఎరుపూ వాసనా వదలలేదు. నూనె లోపలికి అంతగా ఇంకినప్పుడు లోపలిది నూనెలోకి రాకుండా ఉంటుందా అన్న సందేహంతో దానిని పక్కన పెట్టి, లోపల రంగులేమీ లేని తెల్లని పింగాణీ జాడీలు రెండు తీసుకున్నాను. మూతికి గుడ్డతో వాసెన కట్టి ఉంచితే ఆరు వేసవుల ఆవకాయలో ఒక్కసారీ బూజు పట్టలేదు.

స్టీలు క్యారియర్ విషయంలో ఒక లోపం చెప్పాలి. మూడో ఏడాదికి పక్కల బిగింపులు వదులై సాంబారు కారింది. బిగింపులు మళ్లీ వేయించాక బాగానే ఉంది. హోటలుకు దానిని తీసుకువెళ్లేటప్పుడు ఇడ్లీలు చెప్పకముందే గిన్నెలు చేతికివ్వాలి, ఆలస్యమైతే పొగలు కక్కే సాంబారు అప్పటికే పల్చని కవరులో ముడిపడి ఉంటుంది. మొదట మొహమాటపడ్డాను గాని, ఇప్పుడు ఆ హోటలువారే ‘గిన్నె తెచ్చారా?’ అని అడుగుతున్నారు.

ఆఫీసు మైక్రోవేవ్‌లో స్టీలు పెట్టకూడదు కాబట్టి గాజు డబ్బాలు ఆరు కొన్నాను, రెండు పగిలాయి. బరువు ఎక్కువ, బస్సులో వెళ్లేవారికి ఇబ్బందే. వాటి మూతలు ప్లాస్టిక్‌వే కనుక వేడిచేసేటప్పుడు మూత తీసి పింగాణీ పళ్లెం బోర్లిస్తాను.

తాగునీటికి మాత్రం పరిష్కారం ఆలస్యంగా దొరికింది. హైదరాబాదులో మా వీధికి వచ్చే 20 లీటర్ల క్యాన్లు ఎండలో, పైకప్పు లేని ఆటోలో గంటల తరబడి తిరిగేవి. అడుగున త్రికోణంలో 7 అని ఉంటే అది పాలికార్బొనేటు కావచ్చు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో బిస్ఫినాల్ ఎ రోజువారీ పరిమితిని అంతకుముందున్న దానికంటే 20,000 రెట్లు తగ్గించిందని చదివాక క్యాన్లు మానివేశాము. కుళాయి నీటిని కాచి, చల్లార్చి, కుళాయి బిగించిన స్టీలు బిందెలో పోసుకుంటున్నాము. రోజూ రాత్రి అరగంట పని, గ్యాసు ఖర్చు అదనం. ఎండాకాలంలో నీరు త్వరగా చల్లబడదు కనుక మేలో మాత్రం రెండో బిందె కూడా నింపి ఉంచుతాను.