పిలుపు తేల్చుకోవడానికి ఏది మేలు: దివ్యపఠనమా, ఆత్మశోధనా?

ఏటా వేసవిలో, సిస్టర్‌గా మఠంలో చేరాలనుకునేవాళ్ళ కోసం పెట్టే దైవపిలుపు క్యాంపులు అయిపోయాక ఒకటే ప్రశ్న పదిమంది నుంచి వస్తుంది. ఇంటర్ రాసి కూర్చున్న అమ్మాయి అడుగుతుంది, నోవిషియేట్‌లో, అంటే వ్రతాలకు ముందు ఇచ్చే శిక్షణలో ఉన్నామె అడుగుతుంది, నిత్య మాటపట్టు (జీవితాంతానికి చేసే వ్రతం) దగ్గర పడ్డ సిస్టరూ అడుగుతుంది. "దేవుడే పిలిచాడో, నాకే అలా అనిపిస్తోందో తేల్చుకోవాలి సిస్టర్. పొద్దున్నే వాక్యం పట్టుకుని కూర్చోమంటారా, రాత్రి ఆత్మశోధన చెయ్యమంటారా?"

రెండూ చెయ్యమ్మా అనేస్తే నా పని సులువు. కతోలిక తిరుసభ చట్టం చెప్పేదీ అదే. 1983 నాటి చట్టంలో 663వ సూత్రం మఠవాసులను పరిశుద్ధ గ్రంథం చదవమంటుంది, ధ్యానం చెయ్యమంటుంది. ఆ పక్కనే 664 రోజూ ఆత్మశోధన చేసుకోమంటుంది. కానీ అడిగేవాళ్ళలో సగం మంది ఇంకా మఠంలో అడుగు పెట్టనివాళ్ళు. హాస్టల్లో నలుగురితో ఒక గది, నైట్ డ్యూటీలు, సెమిస్టర్ పరీక్షలు. రోజు మొత్తంలో వాళ్ళ చేతికి చిక్కేది అరగంట. ఆ అరగంటలో దేనికి పెద్దపీట వెయ్యాలన్నదే అసలు సంగతి.

ముందు దివ్యపఠనం గురించి, అంటే పరిశుద్ధ గ్రంథాన్ని ప్రార్థనగా నెమ్మదిగా చదవడం. చదవడం, మననం, ప్రార్థన, దైవసన్నిధిలో ఊరకుండడం అనే నాలుగు మెట్లు మీకు తెలిసినవే. 12వ శతాబ్దంలో రెండవ గ్విగో అనే కార్తూసియన్ మఠాధిపతి వీటిని నిచ్చెనగా చూపించాడు. అంతకు చాలా ముందే పునీత బెనెడిక్ట్ తన నియమావళి 48వ అధ్యాయంలో చేతిపనికీ పఠనానికీ వేళలు పంచిపెట్టాడు. దీని బలం ఎక్కడుందంటే, ప్రార్థన నాతో మొదలవదు. నా మూడ్, నా బాధ, నా లెక్కలు పక్కనబెట్టి ముందు ఇంకొకరి మాట వింటాను. ఎంతసేపూ తన మనసే తాను తవ్వుకునే మనిషికి ఇంతకంటే మంచి మందు లేదు. ఆవిలా పురి తెరేసమ్మ అంతటి ఆమె, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకున్న వేళ తప్ప, పుస్తకం చేతిలో లేకుండా ప్రార్థనకు కూర్చునే ధైర్యం ఏళ్ళ తరబడి చెయ్యలేదని తన జీవితకథలో రాసుకుంది.

అయితే జీవితాన్ని నడిపించుకోవడం ఒకటి, జీవితంలో ఒక నిర్ణయం తీసుకోవడం ఇంకొకటి. రెండోదానికి వచ్చేసరికి దివ్యపఠనంలో ఒక ఇబ్బంది ఉంది.

మార్కు సువార్త పదో అధ్యాయంలో ధనవంతుడి కథే తీసుకోండి. ఉన్నదంతా అమ్మి పేదలకిచ్చి నా వెంట రమ్మని యేసు అంటే ఆ మనిషి ముఖం చిన్నబోయి వెళ్ళిపోయాడు. మఠంలో చేరాలని ఉవ్విళ్ళూరే అమ్మాయి ఈ కథ చదివితే "నా వెంట రా" దగ్గర ఆగుతుంది. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తుంటే బెంగపడుతున్న అమ్మాయి ముఖం చిన్నబోయిన చోట ఆగి, నేనూ అలాగే వెళ్ళిపోతున్నానేమోనని వణుకుతుంది. మఠం మీద మనసు విరిగిన నోవిస్ అయితే, "యేసు అతణ్ణి ప్రేమతో చూశాడు, బలవంతం చెయ్యలేదు కదా" అంటుంది. ముగ్గురూ నిజాయితీగానే చదివారు. ముగ్గురికీ వాక్యం తాకింది. కానీ ఏ మాట దగ్గర ఆగాలో ముగ్గురి మనసూ ముందే తేల్చుకుని ఉంది.

దీనికి మన దగ్గర ఇంకో అలవాటు తోడయింది. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దానం కార్డు తీయడం మొదట్లో వేరే సంఘాలవాళ్ళు చేసేవారు, ఇప్పుడు మన విచారణల్లోనూ (పారిష్‌లలోనూ) కనిపిస్తోంది. ఆ కార్డులో వచ్చిన వాక్యాన్ని పట్టుకుని "దేవుడు చెప్పేశాడు సిస్టర్" అని వచ్చేవాళ్ళున్నారు. దివ్యపఠనం అది కాదని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా పెద్ద నిర్ణయం ముందున్న మనిషి చేతిలో బైబిలు తేలిగ్గా సోదె పుస్తకమైపోతుంది. భయం మనిషి చేత అలా చేయిస్తుంది.

ఇక ఆత్మశోధన. దీనికి మనవాళ్ళలో ఒక చెడ్డపేరుంది. పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ముందు పది ఆజ్ఞలు వరసగా చదివి టిక్కులు పెట్టుకునే జాబితా అనుకుంటారు. యేసుసభ (జెస్యూట్లు) స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన పద్ధతిలో పాపం ఉంది, కాదనను. ఆయన ఐదు అంశాల్లో క్షమాపణ అడగడం నాలుగోది. కానీ మొదటిది కృతజ్ఞత. మూడోది నిద్ర లేచినప్పటి నుంచి ఇప్పటి వరకు గంట గంటకూ రోజును తిరగేసి చూసుకోవడం. పిలుపు తేల్చుకునేవాళ్ళు ఎక్కువసేపు నిలవాల్సింది ఈ మూడో అంశం దగ్గర. ఫ్రాన్సిస్ పోపుగారు 2022 ఆగస్టు నుంచి 2023 జనవరి దాకా బుధవారం ప్రసంగాల్లో వివేచన (దేవుని చిత్తం ఏదో తేల్చుకోవడం) గురించే వరసగా బోధించారు. అందులో సాయంత్రం పూట చేసే ఈ శోధన గురించి చెబుతూ, ఇవాళ నా హృదయంలో ఏం జరిగిందో చూసుకోమన్నారు.

ఈ పద్ధతి పుట్టుకే ఆసక్తికరం. 1521 మే నెలలో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ కాలు విరిగింది. ఇంట్లో మంచాన పడి, పొద్దుపోవడానికి వీరుల కథల పుస్తకాలు అడిగాడు. అవి లేవు. ఉన్నవి క్రీస్తు జీవితచరిత్ర, పునీతుల కథలు. అవే చదివాడు. మధ్య మధ్యలో రాజాస్థానం గురించి, ఒక దొరసాని గురించి గంటల తరబడి ఊహల్లో తేలేవాడు. రెండు రకాల ఊహలూ ఊహిస్తున్నంతసేపూ హాయిగానే ఉండేవి. తేడా తర్వాత తెలిసింది. దొరసాని ఊహ అయిపోయాక మనసు ఎండిపోయేది. పునీతుల్లా బతకాలన్న ఊహ పోయాక కూడా సంతోషం మిగిలేది. చూశారా, మొదలైంది పఠనంతోనే. దారి చూపింది మాత్రం పఠనం తర్వాత మనసులో మిగిలినదాన్ని గమనించడం.

ఒక ఉదాహరణ చెబుతాను, ఆమె అనుమతితోనే. నర్సింగ్ చదువుతూ మఠంలో చేరాలనుకున్న అమ్మాయి. రాత్రి పడుకునే ముందు పావుగంట ఆత్మశోధన చేసి నోటుబుక్కులో రెండు మూడు లైన్లు రాసేది. ఒక పేజీలో ఇలా ఉంది: "మంగళవారం. వార్డులో ముసలమ్మకి జావ తాగిస్తుంటే టైం తెలీలేదు. ఆమె నా చెయ్యి వదల్లేదు. సాయంత్రం మఠంలో అందరితో కూర్చున్నా. ఎప్పుడు లేద్దామా అనిపించింది." ఇంకో పేజీ: "ఆదివారం. సిస్టర్లు చాలా ప్రేమగా చూశారు. అయినా హాస్టల్‌కి వచ్చాక ఊపిరి పీల్చుకున్నా." ఏ ఒక్క పేజీ చూసినా ఏమీ లేదు. అలసట అనుకోవచ్చు, కొత్త అనుకోవచ్చు. నెలల తరబడి పేజీలు పక్కపక్కన పెడితే మాత్రం ఒకటే కనిపించింది. రోగి మంచం దగ్గర ఆమె ప్రాణం లేచొస్తోంది. పదిమందితో ఒకే కప్పు కింద బతకడం అనేసరికి కుంచించుకుపోతోంది. ఆమెకున్నది సేవకు పిలుపు, సమష్టి జీవితానికి కాదు. ఇప్పుడామె పెళ్ళి చేసుకుని ఒక పెద్దాసుపత్రిలో క్యాన్సర్ వార్డు చూస్తోంది.

అదే అమ్మాయి ఆ నెలలన్నీ పొద్దున సువార్త కూడా చదివింది. అక్కడ ఆమెకు తగిలినవన్నీ "నేను రోగినై యుండగా" లాంటి మాటలే. అవి నిజమే. కానీ ఆ మాటలు పట్టుకుని మఠంలో చేరిపోయి ఉండేది.

నా దృష్టిలో రెండింటికీ అసలు తేడా ఇక్కడుంది: చేసిన ప్రార్థనలో ఇంకొకరికి చెప్పుకోదగ్గది ఏం మిగిలింది? పిలుపును ఎవరూ ఒంటరిగా తేల్చుకోలేరు. సమూయేలు కథలో ప్రభువే స్వయంగా పేరు పెట్టి పిలిచాడు. అయినా ఆ పిల్లవాడు మూడుసార్లూ ఏలీ దగ్గరకే పరుగెత్తాడు. చూపు మందగించిన ఆ ముసలాయన చెబితేగానీ పిలిచిందెవరో తెలియలేదు. ఇగ్నేషియస్ తన వివేచన నియమాల్లో శత్రువును, అంటే సైతానును దొంగచాటు ప్రేమికుడితో పోలుస్తాడు. తాను వలేసిన అమ్మాయి తండ్రికి చెప్పేస్తుందేమోనన్నదే వాడి భయం. అనుభవమున్న ఆధ్యాత్మిక గురువు ముందు నోరు విప్పగానే సగం మాయ విడిపోతుంది.

"ఈ వాక్యం నన్ను తాకింది" అని ఒకమ్మాయి వచ్చి చెబితే నేను చెయ్యగలిగింది తక్కువ. కాదనలేను, అవుననలేను. "మంగళవారం సాయంత్రం ఇలా అనిపించింది, పోయిన మంగళవారమూ అంతే" అని చెబితే అడగడానికి నాకు పది ప్రశ్నలుంటాయి. ఆ రోజు నిద్ర సరిపోయిందా? ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చిందా? సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడూ అలాగే ఉందా? ఆత్మశోధన ఇచ్చేది వేళ, చోటు, మనిషి, ఆ తర్వాత మిగిలిన రుచి. వీటిని ఇంకొకరు పరీక్షించగలరు.

మదర్ తెరేసా సంగతే చూడండి. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ రైల్లో ఆమెకు వచ్చిన పిలుపు ఎంత స్పష్టమో అందరూ చెప్పుకుంటారు. తర్వాత జరిగింది తక్కువమంది చెబుతారు. కలకత్తా తిరిగొచ్చి రాసుకున్న కాగితాలు తన ఆధ్యాత్మిక గురువు, యేసుసభకు చెందిన ఫాదర్ వాన్ ఎక్సెమ్ గారి చేతిలో పెట్టింది. అగ్రపీఠాధిపతి పెరియె గారు వెంటనే సరే అనలేదు. అప్పటిదాకా తానున్న లొరేటో మఠం విడిచి ఆమె బయటికొచ్చింది 1948 ఆగస్టులో. అంత గట్టి పిలుపునే దాదాపు రెండేళ్ళు వేరేవాళ్ళు పరీక్షించారంటే మన సంగతి చెప్పేదేముంది.

చట్టం కూడా ఈ నిదానాన్నే కోరుతుంది. నోవిషియేట్ కనీసం 12 నెలలు. ఆ తర్వాత తాత్కాలిక మాటపట్టు మూడేళ్ళకు తగ్గకుండా, ఆరేళ్ళకు మించకుండా. ఇన్నేళ్ళ మనసును పోల్చి చూసుకోవాలంటే రాసిపెట్టుకున్నది ఉండాలి.

ఇక్కడే ఇంకో మాట. మనసు విప్పి చెప్పడమంటే మఠం పెద్ద అయిన సుపీరియర్ అమ్మకు చెప్పి తీరాలని కాదు. మనసులోది చెప్పమని సుపీరియర్లు ఎవరినీ ఏ విధంగానూ ఒత్తిడి చెయ్యకూడదని 630వ సూత్రం నిషేధించింది. ఇష్టపడి చెప్పుకుంటే అది వేరు. ఇది తెలియని నోవిస్‌లు చాలామంది ఉన్నారు.

అందరికీ ముందు ఆత్మశోధనే అని కూడా అనను. ప్రతి చిన్నదానికీ పాపభయం పట్టుకునే మనిషికి అది కత్తిలా తగులుతుంది. ఇగ్నేషియసే మన్రేసా అనే ఊళ్ళో చేసిన పాపసంకీర్తనమే మళ్ళీ మళ్ళీ చేస్తూ, ఆ భయాలతో చచ్చిపోదామన్నంత దాకా వెళ్ళాడు. అలాంటివాళ్ళను నేను నోటుబుక్కు మూసెయ్యమంటాను. కొన్ని నెలలు కీర్తనలు చదవమంటాను, అంతే. అలాగే తండ్రి పోయిన నెలలోనో, సుపీరియర్‌తో గొడవైన వారంలోనో నోటుబుక్కులో ఏం రాసుకున్నా నిర్ణయం మాత్రం వద్దు. మనసు చీకట్లో ఉన్నప్పుడు ముందు చేసిన తీర్మానాన్ని మార్చొద్దన్నది ఇగ్నేషియస్ పెట్టిన నియమమే.

మిగతావాటి గురించీ అడుగుతుంటారు. జపమాల ఎప్పుడూ మంచిదే, చెప్పుకోండి, కానీ అది తేల్చే పని చెయ్యదు. దివ్యసత్ప్రసాద ఆరాధనలో గంట కూర్చోగలిగితే ఆ గంట చివర్లోనే ఆత్మశోధన చేసుకోవచ్చు. ఒకే మాట పట్టుకుని మౌనంగా ఉండే ప్రార్థన ఈమధ్య రిట్రీట్లలో బాగా నడుస్తోంది. మనసు కుదుటపడుతుంది, నిర్ణయానికి అంతగా ఉపయోగపడదు. 30 రోజుల ఇగ్నేషియన్ రిట్రీట్ వీలైతే అన్నిటికంటే మేలు, కానీ ఉద్యోగం చేసేవాళ్ళకు నెల సెలవు ఎవరిస్తారు? ఉన్నచోటే రోజుకింత చొప్పున చేసుకునే ఏర్పాటు ఆ రిట్రీట్‌కు మూలమైన ఇగ్నేషియస్ పుస్తకం "ఆధ్యాత్మిక సాధనలు"లో 19వ సూచనగా ఉంది. దగ్గర్లో యేసుసభ గురువులుంటే అడగండి.

ఆ పుస్తకంలో ఇంకో చిట్కా ఉంది, ఎటూ తేలని రోజున పనికొస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషి సరిగ్గా మీ పరిస్థితిలో ఉండి సలహా అడిగితే ఏం చెబుతారో ఆలోచించి, అదే మీరు చెయ్యండి అంటాడు ఇగ్నేషియస్.

కాబట్టి అరగంటే ఉందంటే నా లెక్క ఇది. పొద్దున పది నిమిషాలు ఆనాటి సువార్త, ఏమీ వెతక్కుండా. రాత్రి పావుగంట ఆత్మశోధన, మిగిలిన ఐదు నిమిషాలు రాతకి. నెలకోసారి ఆధ్యాత్మిక గురువు దగ్గర కూర్చోవడం. ఊళ్ళో అలాంటి మనిషి లేరంటారా? పక్క విచారణ ఫాదర్‌గారో, వయసు మీద పడ్డ సిస్టరో ఉంటారు, బస్సెక్కి వెళ్ళండి. నోటుబుక్కు పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపొద్దు. రాసింది మీరే చదివి వినిపించాలి. ఎక్కడ గొంతు మారిందో ఎదురుగా కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.