జ్యూరీ విచారణా, ప్లీ బార్గెయినా?

అమెరికాలో నేరారోపణ ఎదుర్కొనే మనిషి ముందు సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి జ్యూరీ ఎదుట, అంటే దోషా కాదా అని తేల్చేందుకు ఎంచిన మామూలు పౌరుల బృందం ఎదుట విచారణ. రెండోది ప్రభుత్వం తరఫున వాదించే ప్రాసిక్యూటర్‌తో మాట్లాడుకుని, తక్కువ శిక్షకు బదులుగా నేరం ఒప్పుకోవడం. దీన్నే ప్లీ బార్గెయిన్ అంటారు.

జ్యూరీ విచారణలో బరువంతా ప్రభుత్వం మీదే. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరాన్ని రుజువు చేయాలి. ముద్దాయి నోరు విప్పనక్కర్లేదు. సాక్షులను తన లాయర్ చేత నిలదీయించవచ్చు. పెద్ద నేరాల కేసుల్లో, లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వమే ఇవ్వాలని 1963లో గిడియన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 నాటి రామోస్ తీర్పుతో, అలాంటి కేసుల్లో జ్యూరర్లందరూ ఒక్కమాట మీదుంటేనే దోషి అనాలి. ఒక్కరు కాదన్నా కుదరదు. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

ప్లీ బార్గెయిన్‌లో ఈ రక్షణల్లో చాలావరకు వదులుకోవాలి. విచారణ టెన్షన్ మాత్రం తప్పుతుంది. ఇష్టపూర్వకంగానే ఒప్పుకుంటున్నారా అని జడ్జి అడిగి తెలుసుకోవాలి. ఫెడరల్ కేసుల్లో దోషులుగా తేలినవారిలో 97 శాతం ఇలా నేరం ఒప్పుకున్నవారేనని 2012లో సుప్రీంకోర్టే రాసింది. ఓడితే పడే శిక్షకు భయపడి, తప్పు చేయనివాళ్లూ సంతకం పెట్టే ప్రమాదం ఉంది. నన్ను బాధించేది అదే.

వీసా, గ్రీన్ కార్డ్ మీద అక్కడుంటున్న మనవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందేమో లాయర్ ముందే చెప్పాలని 2010 పడిల్లా తీర్పు అంటోంది. చిన్న కేసే కదా అని తలూపే ముందు ఆ ప్రశ్న అడగండి.