స్విస్ కొండల్లో వెంట తిరిగే బొమ్మ: కొన్ని వేసవులు వాడాక సమీక్ష

స్విట్జర్లాండ్‌లో వేసవి అంటే మన ఏప్రిల్, మే కాదు. కొండల మీద అది జూన్ నడిమిలో మొదలై సెప్టెంబరు చివరికి ముగుస్తుంది. ఆ నెలల్లో వెంట తిప్పుతూ, వెళ్లిన చోటల్లా కూర్చోబెట్టి ఫొటోలు తీయడానికి వాడిన బొమ్మ తేనె రంగు ఎలుగుబంటి పిల్ల. నిలబెడితే 22 సెంటీమీటర్లు, కూర్చోబెడితే 16. బరువు 190 గ్రాములు. అందులో మూడో వంతు దాకా అడుగున కుట్టిన చిన్న గుడ్డ సంచిలోని ప్లాస్టిక్ గింజలదే. కళ్లు ప్లాస్టిక్‌వి, ముక్కు దారంతో కుట్టింది, లోపల పాలియెస్టర్ దూది. పేరు బుడ్డోడు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇలాంటి బొమ్మకి స్విట్జర్లాండ్‌లో అసలైన చోటు మంచు శిఖరాలు కాదు. వాటి కింద 1000 నుంచి 2300 మీటర్ల మధ్య ఉండే పచ్చిక బయళ్లు, ఇంకా దిగువన ఉండే పల్లెలు. మన ప్యాకేజీ టూర్లలో చాలావాటిలో టిట్లిస్ ఉంటుంది, 3454 మీటర్ల యుంగ్‌ఫ్రౌయోఖ్ ఉంటుంది. అక్కడ జూలైలో కూడా చలి సున్నా దగ్గరే ఆడుతుంది, గాలి బొమ్మని నిలవనివ్వదు, రెయిలింగ్ దగ్గర జనం ఒకరినొకరు తోసుకుంటుంటారు. పైగా ఫొటోలో మంచు, బొమ్మ తప్ప మూడోది ఉండదు. అదే పచ్చికలో అయితే గడ్డిపూలు, చెక్క కంచె, పాల క్యాను, నీళ్ల తొట్టి అన్నీ బొమ్మ ఎత్తులోనే ఉంటాయి. 16 సెంటీమీటర్ల బొమ్మ ఆ లోకంలో సరిగ్గా ఇమిడిపోతుంది.

కొనేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతి అడుగు బరువు. కొండ మీద చదునైన చోటు దొరకడం అరుదు. బెంచీ పలకలు వాలుగా ఉంటాయి, బండరాళ్లు గుండ్రంగా ఉంటాయి, కంచె గుంజల తలలు నీళ్లు జారడానికి ఏటవాలుగా కోసి ఉంటాయి. గింజల సంచి లేని బొమ్మ చిన్న గాలికే వెనక్కి పడుతుంది. దాన్ని చేత్తో పట్టుకునే ఫొటో తీయాలి, అప్పుడు ప్రతి ఫొటోలోనూ వేళ్లు కనిపిస్తాయి. 60 గ్రాముల గింజలు చాలు. 100 దాటితే నడకలో బ్యాగు పక్క జేబు లాగేస్తుంది. గింజలు నేరుగా పొట్టలో పోసి ఉన్నాయా, విడిగా గుడ్డ సంచిలో ఉన్నాయా అన్నది కూడా నొక్కి చూడండి. నేరుగా పోసినవైతే ఒక్క కుట్టు ఊడినా దారంతా రాలిపోతాయి, ఆవులు మేసే గడ్డిలో ప్లాస్టిక్ గింజలు పడడం ఎంతమాత్రం మంచిది కాదు.

రెండోది రంగు. తేనె రంగు పచ్చిక మీదా మంచు మీదా రాయి మీదా విడిగా కనిపిస్తుంది. తెల్ల బొమ్మ మొదటి వారంలోనే అడుగున పచ్చబడుతుంది. ముదురు గోధుమ రంగుదైతే అడవి నీడలో కళ్లు కూడా కనిపించవు.

స్విట్జర్లాండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లలో కొండపల్లి బొమ్మని వెంట తీసుకెళ్దామనుకునేవాళ్లు ఉంటారు. ముచ్చటైన ఆలోచనే, కాకపోతే ఎండ ఉన్న రోజున, చేతిలోంచి దింపకుండా అయితేనే. తెల్లపొణికి చెక్క తేలిక, మెత్తన. చేతులు, కొమ్ములు లాంటి భాగాలు రంపం పొట్టూ చింతపిక్కల పిండీ కలిపిన మక్కుతో అతికిస్తారు. పొద్దుటి మంచులో తడిసిన బెంచీ మీద అరగంట ఉంచితే ఆ అతుకులకీ రంగుకీ మంచిది కాదు. రాయి మీద పడితే విరుగుతుంది కూడా. దాన్ని ఇంట్లో ఉంచి గుడ్డ బొమ్మని కొండ ఎక్కించడమే మేలు.

చోట్ల సంగతికి వస్తే, నేను అన్నిటికంటే ముందు చెప్పేది మెన్లిఖెన్ నుంచి క్లైన షైడెక్ దాకా ఉన్న దారి. గంటన్నర నడక, దాదాపు అంతా మెల్లగా దిగే బాట. ఎదురుగా ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు మూడూ కనిపిస్తూనే ఉంటాయి. బొమ్మని కూర్చోబెట్టడానికి బాట పక్కన రాళ్లు, బెంచీలు కొదవ లేదు. పసుపు పచ్చ దారి పలకల మీద రాసే సమయంలో ఆగడాలు కలపరు. బొమ్మ ఫొటోలు తీసుకుంటూ వెళ్లేవాళ్లు దానికి సగం అదనంగా వేసుకోవాలి, లేకపోతే క్లైన షైడెక్‌లో చివరి రైలు కోసం పరుగు తప్పదు.

గ్రిండెల్‌వాల్డ్ ఊరి పైన ఫిర్స్ట్ కేబుల్ కారు స్టేషన్ నుంచి బాఖాల్ప్‌జే సరస్సుకి గంట లోపు నడక. సరస్సు 2265 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ష్రెక్‌హార్న్, ఫిన్‌స్టరార్‌హార్న్ శిఖరాలు నీళ్లలో కనిపించాలంటే పొద్దున్నే మొదటి గొండోలాలు (తీగ మీద వేలాడుతూ వెళ్లే చిన్న పెట్టెలు) ఎక్కాలి. ఎండ ముదిరితే గాలి లేస్తుంది, నీళ్లు చెదురుతాయి, ఆ తరవాత ఎంత సేపు కూర్చున్నా ప్రతిబింబం రాదు. ఒడ్డున రాళ్లు నాచుపట్టి జారుతాయి కాబట్టి బొమ్మని నీటి అంచుకి ఒక అడుగు ఇవతలే ఉంచి, ఫోన్ కిందికి దించి తీస్తే నీళ్లలో కూర్చున్నట్టే కనిపిస్తుంది.

విల్డర్స్‌విల్ నుంచి షీనిగ ప్లాటెకి వెళ్లే పళ్లచక్రాల రైలు 1893 నాటిది. చెక్క బల్లల పెట్టెలు, నిదానమైన ఎక్కుడు. కిటికీ పక్కన బొమ్మని కూర్చోబెట్టి తీసే ఫొటోకి ఇంతకంటే మంచి రైలు లేదు. బొమ్మ చేతికి కట్టిన తాడు రెండో కొస మీ మణికట్టుకి ఉండాలి. జారిపడితే రైలు ఆగదు, పట్టాల మీద నడవనివ్వరు. పైన ఉన్న ఆల్పైన్ తోటలో మొక్కలకి పేర్ల పలకలుంటాయి. బొమ్మని పలక పక్కన బాట అంచున పెట్టొచ్చు, మొక్కల మధ్యలో పెట్టకూడదు.

బ్రీంజ్ ఊరి నుంచి రోట్‌హార్న్ శిఖరానికి వెళ్లే ఆవిరి రైలులో ఒక చిక్కుంది. ఇంజిను కింది వైపు ఉండి పెట్టెల్ని పైకి తోస్తుంది. దానికి దగ్గరి పెట్టెలో కూర్చుంటే లేత రంగు బొమ్మ మీద నల్లటి మసి చుక్కలు పడతాయి. బొగ్గుతో నడిచే పాత ఇంజిను వచ్చిన రోజున ఇది ఎక్కువ, నూనెతో నడిచే కొత్తవాటితో తక్కువ. మసిని తడిగుడ్డతో రుద్దితే బొచ్చులోకి దిగిపోతుంది. ఆరాక దులిపి, సెల్లోటేపు అద్ది తీయాలి.

పల్లెల కోసమైతే బ్రీంజ్ దగ్గరి బాలెన్‌బెర్గ్ ఆరుబయలు మ్యూజియం ఒక్కటే ఒక రోజుకి సరిపోతుంది. దేశం నలుమూలల నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన పాత ఇళ్లు 100కి పైగా ఉన్నాయి. పొయ్యిలు, మగ్గాలు, కోళ్లు, మేకలు అన్నీ ఉంటాయి. మేకల దగ్గర మాత్రం బొమ్మని ఎత్తి పట్టుకోవాలి, వేలాడే తాడు కనిపిస్తే నోట పెట్టేస్తాయి. ఎమ్మెంటాల్ గుట్టల్లో నేల దాకా వాలిన పెద్ద కప్పుల రైతు ఇళ్లు, కిటికీల్లో ఎర్రటి జెరేనియం పూల తొట్లు చాలా బాగుంటాయి. అవి జనం కాపురముండే ఇళ్లు కాబట్టి దారి మీంచే తీయాలి. అపెంజెల్ వైపు ఎబెనాల్ప్ కొండ నుంచి దిగి జేఆల్ప్‌జే సరస్సుకి వెళ్లే బాట చాలా నిటారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, బొమ్మ బ్యాగులోనే ఉండాలి.

ఫొటో తీసే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. నిలబడి పైనుంచి తీస్తే గడ్డి మీద పారేసిన బొమ్మలా కనిపిస్తుంది. ఫోన్‌ని తలకిందులు చేస్తే లెన్సు నేలకి దగ్గరవుతుంది, అప్పుడు కెమెరా బొమ్మ కళ్ల ఎత్తుకి వస్తుంది. వెనక కొండ పెద్దగా కనిపించాలంటే బొమ్మకి దగ్గరగా జరగకూడదు. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి 2 లేదా 3 రెట్లు జూమ్ చెయ్యాలి. దగ్గరి నుంచి వెడల్పు లెన్సుతో తీస్తే బొమ్మ పెద్దదై, ఐగర్ అంతటిది చిన్న గుట్టలా కుంచించుకుపోతుంది. ఫోకస్ కోసం తెర మీద బొమ్మ కన్నుని తాకండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, చెవుల చివరి బొచ్చుని చెరిపేస్తుంది. మంచు ముందు తీస్తే బొమ్మ నల్లబడుతుంది కాబట్టి కెమెరాలో వెలుగుని (ఎక్స్‌పోజర్) +0.7 నుంచి +1 దాకా పెంచాలి.

తడి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎండ వచ్చినా పది గంటల దాకా గడ్డి మీద మంచు బిందువులు ఆరవు. పైకి పొడిగానే కనిపించే పచ్చికలో బొమ్మని రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఎత్తితే, అడుగు భాగమంతా తడిసి, గడ్డి పసరు అంటుకుని ఉంటుంది. పావు మీటరు పొడవూ వెడల్పూ ఉన్న మందపాటి ప్లాస్టిక్ ముక్కని కింద వేసి, అంచుల్ని గడ్డిలో దాచేస్తే సరి. జూలై, ఆగస్టులో మధ్యాహ్నం ఉరుముల వాన పడే రోజులు ఎక్కువ. జిప్పున్న 3 లీటర్ల ఫ్రీజర్ సంచి ఒకటి జేబులో ఉండాలి. అది పొడి బొమ్మని కాపాడడానికే. తడిసిన బొమ్మని అందులో మూసి ఉంచితే తెల్లారేసరికి ముక్కిన వాసన పట్టేస్తుంది.

కోత కాని పొడవాటి గడ్డిలోకి బొమ్మ కోసం దిగకండి. అది రైతు తన పశువులకి చలికాలానికి దాచుకునే మేత. తొక్కితే కోతకి అందదు. అదీ కాక, ముఖ్యంగా 1500 మీటర్ల లోపు, గడ్డిలో, పొదల్లో పిడుదులుంటాయి, బొచ్చు బొమ్మ మీదికి ఇట్టే ఎక్కుతాయి. లైమ్ వ్యాధి తెచ్చేవి ఇవే. పిల్లలు రాత్రి ఆ బొమ్మని పక్కలో వేసుకుంటారు కాబట్టి లోపలికి తెచ్చే ముందు గట్టిగా దులిపి, బట్టల మీద వెంట్రుకలు తీసే జిగురు రోలరుతో చెవుల వెనక, చంకల్లో, కాళ్ల మధ్య తప్పనిసరిగా లాగాలి.

దూడలున్న ఆవుల మందకి 20 నుంచి 50 మీటర్లు దూరం పాటించాలని అక్కడ నడిచేవాళ్లకి చెప్తారు. దూడ పక్కన బొమ్మని పెట్టి ఫొటో తీయాలనే కోరిక ఎంత ఉన్నా వదులుకోవాలి, తల్లి ఆవు నిజంగానే మీదికొస్తుంది. కంచెల్లో సన్నటి తీగ గానీ పట్టీ గానీ కనిపిస్తే అందులో కరెంటు ఉందనే అనుకోండి. పొడి బొమ్మకి ఏమీ కాదు. తడి బొమ్మని పట్టుకున్న చేతికి మాత్రం గట్టి షాక్ తగులుతుంది. తీగ లేని చెక్క గుంజనే ఎంచుకోండి. శిఖరం స్టేషన్ల దగ్గర పసుపు ముక్కు ఆల్ప్స్ కాకులు తిండి కోసం దగ్గరికి వస్తాయి. బొమ్మ ఒళ్లో బిస్కెట్ ముక్క పెట్టి ఫొటో తీసే అలవాటుంటే మానుకోవాలి, ముక్కతో పాటు బొచ్చూ లాగేస్తాయి.

ఇక మన్నిక. మొదట పోయింది మెడ దగ్గరి కుట్టు. తాడుని మెడకి కట్టి బ్యాగుకి వేలాడదీస్తే నడక ఊపుకి తల, ఒళ్లు మధ్య దారం సాగిపోతుంది. తాడు రెండు చంకల కింద నుంచి వెళ్లి వీపు మీద కలవాలి. ఊడిన కుట్టుని దంతాల మధ్య శుభ్రం చేసుకునే దారంతో, రెండు అంచుల లోపలి నుంచి మార్చి మార్చి తీస్తూ బిగిస్తే పైకి కనిపించదు, మళ్లీ ఊడదు. రెండోది ఎర్ర కండువా. వానలో రంగు దిగి ఛాతీ గులాబీ రంగైపోతుంది. కొత్త కండువాని వేడి నీళ్లలో నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండాకే బొమ్మకి కట్టాలి. పైన్ దుంగల మీద కూర్చోబెడితే అంటుకునే బంక సబ్బుకి లొంగదు. నాలుగు చుక్కల వంటనూనె రాసి పది నిమిషాలు ఆగి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే వదులుతుంది. ఎత్తుకి వెళ్లే కొద్దీ ఎండలో అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, ప్రతి 1000 మీటర్లకీ దాదాపు పదో వంతు. బ్యాగు పైన ఎప్పుడూ ఒకే వైపు కట్టిన బొమ్మ ఆ వైపే వెలిసిపోతుంది.

ఉతకడం 30 డిగ్రీల్లో, దిండు గలీబులో వేసి మూతి కట్టి. తరవాత తువ్వాలులో చుట్టి నొక్కాలి, పిండకూడదు. పైబొచ్చు సాయంత్రానికి ఆరినా లోపలి దూది చల్లటి కొండ ఊరి గదిలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెడితే పాలియెస్టర్ బొచ్చు ఉండలు కట్టి గట్టిపడుతుంది, దానికి మందు లేదు.

పోగొట్టుకుంటే, ముందు వచ్చిన దారినే వెనక్కి నడవండి. బాట మీద దొరికిన టోపీ, చేతితొడుగు లాంటివి తరవాత వచ్చేవాళ్లు కంచె గుంజ మీదో దారి పలక స్తంభానికో తగిలించి వెళ్లడం అక్కడ మామూలే. రైల్లో మరిచిపోతే స్విస్ రైల్వే సంస్థ ఎస్‌బీబీ వాళ్ల వెబ్‌సైట్‌లో రాయొచ్చు. రైలు బయల్దేరిన సమయం, ఎక్కిన, దిగిన స్టేషన్లు, ఏ తరగతి పెట్టె అన్నవి ఇస్తే వెతకడం సులువు. కొండ రైళ్లు, కేబుల్ కార్లు వేరే కంపెనీలవి కాబట్టి వాటి స్టేషన్లలోనే అడగాలి. కాలి అడుగున గుడ్డ పట్టీ కుట్టి, దేశం కోడ్‌తో ఫోన్ నంబరు చెరగని సిరాతో రాసి ఉంచండి.

బొమ్మ వేరే దేశంలోని స్నేహితులదై పోస్టులో వచ్చి వెళ్తుంటే, పార్సెల్ మీద కస్టమ్స్ కాగితంలో ‘వాడిన గుడ్డ బొమ్మ’ అని స్పష్టంగా, విలువతో సహా రాయాలి. స్విట్జర్లాండ్‌లోకి మనిషి నుంచి మనిషికి వచ్చే బహుమతులకి 100 ఫ్రాంకుల దాకా దిగుమతి పన్ను లేదు. లోపల లొకేషన్ ట్రాకర్ కుట్టి ఉంటే పంపే ముందు దాన్ని బయటికి తీసేయాలి, లిథియం బ్యాటరీ వల్ల పార్సెల్ ఆగిపోవచ్చు.