వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ వేటకు చోటు వెతకడం: ‘హంట్ ప్లానర్’ సమీక్ష

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రపు వన్యప్రాణి శాఖ (గేమ్ అండ్ ఫిష్) తన వెబ్‌సైటులో ‘హంట్ ప్లానర్’ అనే పటాన్ని ఉచితంగా పెట్టింది. ప్రాంగ్‌హార్న్ (జింకను పోలిన జంతువు) వేటకు ప్రభుత్వ భూమిలో చోటు వెతుక్కునేవాళ్లు అన్నిటికంటే ముందు తెరవాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం. వేటకు కొత్తగా వచ్చిన నా స్నేహితులు ముందు డ్రా (లైసెన్సులు కేటాయించే లాటరీ) పట్టికలు చూస్తారు. లైసెన్సు తేలిగ్గా దొరికే ఏరియా (వేట కోసం శాఖ విడగొట్టిన ప్రాంతం) ఒకటి ఎంచుకుంటారు. నిలబడటానికి చోటు ఎక్కడుందన్న ఆలోచన ఆ తర్వాతే వస్తుంది. ఈ వరుస తిరగబడాలి.

మేము కొలరాడోలో ఉంటాం. బావా నేనూ ఒకే బృందంగా దరఖాస్తు పెడతాం. వయోమింగ్‌లో రాంచ్ (పశువులు మేపే పెద్ద సొంత భూమి) ఉన్నవాళ్లెవరూ మాకు తెలియదు. గైడును పెట్టుకునే ఉద్దేశమూ లేదు, చట్టప్రకారం ఆ అవసరమూ లేదు. బయటి రాష్ట్రాలవాళ్లకు గైడు తప్పనిసరి అయ్యేది ఫెడరల్ వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో (సహజ స్థితిలో కాపాడే కేంద్ర ప్రభుత్వ భూముల్లో) పెద్ద జంతువుల వేటకే. ప్రాంగ్‌హార్న్ తిరిగేది సేజ్ పొదల మైదానాల్లో. కాబట్టి మా వేటంతా ప్రభుత్వ భూమి మీదే. నేను ఈ పటాన్ని చూసే చూపు కూడా అదే.

జంతువును ఎంచుకోగానే హంట్ ప్లానర్‌లో ఆ జంతువుకు సంబంధించిన హంట్ ఏరియాల సరిహద్దులు, వాటి నంబర్లు కనిపిస్తాయి. ఏరియా మీద నొక్కితే సీజను తేదీలు, లైసెన్సు రకాలు తెలుస్తాయి. భూమి యాజమాన్యపు పొరను తెరిస్తే పటం రంగులు మారుతుంది. బీఎల్‌ఎం (కేంద్ర ప్రభుత్వ భూముల నిర్వహణ సంస్థ) భూమి పసుపు, రాష్ట్ర ట్రస్టు భూమి నీలం, ఫారెస్ట్ సర్వీసు భూమి ఆకుపచ్చ, ప్రైవేటు భూమి తెలుపు. ఈ రంగులను ఒక్క చూపులో చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే.

ఉదాహరణకు రాష్ట్రపు తూర్పు, ఈశాన్య భాగాలను చూడండి. ప్రాంగ్‌హార్న్ మందలు దండిగా ఉంటాయి, లైసెన్సులు కూడా తేలికే, కొన్ని ఏరియాల్లో డ్రా అయ్యాక కూడా మిగిలిపోతాయి. పటంలో మాత్రం అటువైపు ఎక్కువగా తెలుపే. రాంచ్ యజమాని అనుమతి లేకపోతే ఆ లైసెన్సు మీకు ఎందుకూ పనికిరాదు. ప్రవేశం కష్టమైన ఏరియాలేవో శాఖ తన దరఖాస్తు సమాచారంలో ముందే చెబుతుంది, ఆ హెచ్చరికను దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. నైరుతి వైపు, రెడ్ డెజర్ట్ చుట్టుపక్కలకు వెళితే పటం పసుపుతో నిండిపోతుంది. అక్కడ చాలాచోట్ల నడవచ్చు, కానీ అక్కడి లైసెన్సుకు ప్రిఫరెన్స్ పాయింట్లు (డ్రాలో ముందు వరుస ఇచ్చేవి, ఏటా కొనుక్కునేవి) కూడబెట్టుకోవాలి. తూర్పున థండర్ బేసిన్ నేషనల్ గ్రాస్‌లాండ్ లాంటి చోట్ల పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు ముక్కలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటాయి. పాయింట్లు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లకు నేను సూచించేది ఇలాంటి మిశ్రమ ప్రాంతాలనే.

పసుపు ముక్క కనబడింది కదా అని సంతోషపడకూడదు. నేను చూసేది ఆ ముక్క అంచును. కౌంటీ రోడ్డు గానీ రహదారి గానీ దాన్ని నేరుగా తాకుతోందా? తాకితే సరే. తాకకుండా మధ్యలో ఒక సన్నని తెల్ల పట్టీ ఉంటే, అది వంద గజాల వెడల్పే అయినా, ఆ ముక్క మీకు లేనట్టే. పటంలో ఆ పట్టీ గుండా ఒక మట్టి బాట గీసి ఉండొచ్చు. బాట కనబడటం వేరు, దాని మీద వెళ్లే హక్కు ఉండటం వేరు. డబ్బు కట్టి వాడే ఒక యాప్ ఇలాంటి బాటను మామూలు రోడ్డులాగే చూపించింది. తీరా అక్కడికి చేరాక గేటుకు గొలుసూ తాళమూ ఉన్నాయి. ఆ ఉదయమంతా అలాగే పోయింది. వయోమింగ్‌లో ప్రైవేటు భూమికి హెచ్చరిక బోర్డు ఉండాలన్న నియమం కూడా లేదు. మీరు ఎవరి భూమి మీద ఉన్నారో తెలుసుకోవాల్సిన బాధ్యత మీదే.

అందుకే నేను పటాన్ని బాగా దగ్గరికి జరిపి, కౌంటీ రోడ్డు వెంట వేలు పెట్టినట్టుగా చూసుకుంటూ పోతాను. రోడ్డును తాకే ప్రతి పసుపు ముక్కకూ, నీలం ముక్కకూ గుర్తు పెడతాను. తర్వాత ఆ ముక్కలో రోడ్డు నుంచి ఎంత లోపలికి వెళ్లగలమో కొలుస్తాను. ఒక సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. విడిగా ఒక్క సెక్షన్ మాత్రమే ఉంటే సీజను మొదటి ఉదయం దాటేసరికి మంద పక్క రాంచ్‌లోకి జారుకుంటుంది. తుపాకీ చప్పుడు ఎక్కడ వినబడుతుందో, ఎక్కడ వినబడదో వాటికి త్వరగా తెలిసిపోతుంది. నాలుగైదు సెక్షన్లు కలిసి ఉండి, మధ్యలో రోడ్డు నుంచి కనబడని పల్లమో గుట్టో ఉన్న చోటు నాకు ఇష్టం. రోడ్డు మీదనుంచే చూసుకుంటూ పోయేవాళ్లకు ఆ పల్లం కనబడదు. గుట్ట వెనక దాగి నడిచే వీలూ ఉంటుంది. ప్రాంగ్‌హార్న్ చూపు అసాధారణం, గంటకు 55 మైళ్ల వేగం అందుకోగల కాళ్లు. చదునైన నేల మీద దాని దగ్గరికి వెళ్లడం దాదాపు అసాధ్యం.

హంట్ ప్లానర్‌లో నాకు బాగా నచ్చినది ‘యాక్సెస్ యెస్’ పొర. రాంచ్ యజమానులతో శాఖ ఒప్పందాలు చేసుకుని వాళ్ల భూముల్లోకి వేటగాళ్లకు దారి ఇప్పించే కార్యక్రమం ఇది. ‘వాక్-ఇన్ ఏరియా’లకు అనుమతి పత్రం అక్కర్లేదు, నడిచి వెళ్లాలి. ‘హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియా’లకు మాత్రం ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. ఈ పొర తెరిస్తే తెల్లగా కనబడే చోటు కొంత మనకు తెరుచుకుంటుంది. కొన్నిసార్లు ఇలాంటి ఒక్క ముక్కే వెనకనున్న పెద్ద బీఎల్‌ఎం భూమికి దారి అవుతుంది. ప్రతి ముక్కకూ తేదీలు, నియమాలు విడివిడిగా ఉంటాయి, ఏ జంతువుకు అనుమతి ఉందో కూడా మారుతుంది. ముక్క మీద నొక్కి వచ్చిన పేజీ మొత్తం చదవండి. రైతులూ రాంచ్ యజమానులూ నమ్మి తలుపు తీసిన చోటు అది. గేటు ఎలా ఉందో అలాగే వదిలి రావడం మన కనీస మర్యాద.

రాష్ట్ర ట్రస్టు భూముల గురించి ఒక మాట. అక్కడ వేటాడొచ్చు, రాత్రి గుడారం వేసుకోకూడదు. బీఎల్‌ఎం భూమిలో సాధారణంగా వేసుకోవచ్చు. రాత్రి బస పసుపులో, వేట నీలంలో అని మేం ముందే నిర్ణయించుకుంటాం.

ఇక దక్షిణ వయోమింగ్. యూనియన్ పసిఫిక్ రైలుమార్గం వెంట పటం చదరంగం బల్లలా ఉంటుంది. 1860లలో అమెరికా చట్టసభ కాంగ్రెస్ రైలు కంపెనీలకు పట్టాలకు ఇరువైపులా సెక్షన్ విడిచి సెక్షన్ ఇచ్చింది, మిగిలినవి ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి. పసుపు గడులు మూలల దగ్గర మాత్రమే కలుస్తాయి. ఒక పసుపు గడి నుంచి మూల మీదుగా ఇంకో పసుపు గడిలోకి అడుగు వేయవచ్చా అన్నది ఏళ్ల తరబడి వివాదం. ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరీ నుంచి వచ్చిన వేటగాళ్లు నిచ్చెన వేసి మూల దాటారు, ప్రైవేటు నేలను తాకలేదు. కేసు నడిచింది. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1885 నాటి అక్రమ ఆవరణల చట్టాన్ని (ప్రభుత్వ భూమికి దారి మూసేయడాన్ని నిషేధించేది) ఆధారంగా తీసుకుని వేటగాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు విచారణకు నిరాకరించింది, తీర్పు నిలిచింది. ప్రభుత్వ భూమి మీద మాత్రమే వేటాడే మాలాంటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నిన్నటిదాకా చేరలేని గడులు ఇప్పుడు చేరగలిగినవి అయ్యాయి.

అయితే ఆ తీర్పు ఉన్నది ప్రైవేటు నేలను తాకకుండా మూల దాటే మనిషికి. ఫోనులోని జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఆ తేడాతో మూల దాటితే మీరు దాటింది మూల కాకపోవచ్చు. నేల మీద సర్వేయర్లు పాతిన గుర్తు కోసం వెతకాలి. చాలాచోట్ల అది ఇనుప గొట్టం మీద బిగించిన ఇత్తడి బిళ్ల, దాని మీద సెక్షన్ల నంబర్లు చెక్కి ఉంటాయి. గడ్డి కప్పేసిన ఆ బిళ్లను మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తుడిచి నంబర్లు చదివితే గానీ నాకు ధైర్యం రాదు. అది దొరక్కపోతే ఆ మూల దాటను, వెనక్కి వస్తాను.

డబ్బు కట్టి వాడే యాప్‌లు అనవసరం అనను. మైదానంలోకి వెళ్లాక అవే ఆధారం. చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు కాబట్టి పటాన్ని ముందే ఫోనులోకి దింపుకోవాలి, భూ యజమాని పేరు అక్కడికక్కడే చూసుకోవాలి, ఆ పని అవి చక్కగా చేస్తాయి. ఇంట్లో కూర్చుని ఏరియా ఎంచుకునే దశలో మాత్రం నేను హంట్ ప్లానర్‌నే నమ్ముతాను. సీజను నిర్ణయించే శాఖ, వాక్-ఇన్ ఒప్పందాలు రాసే శాఖ, పటం పెట్టే శాఖ ఒకటే. దానితోపాటు బీఎల్‌ఎం అచ్చువేసే 1:100,000 కొలత కాగితపు పటం ఒకటి బండిలో ఉంచుతాను. బ్యాటరీ అయిపోతుందన్న బెంగ ఉండదు. బావ, నేను దాన్ని బండి ముందు భాగం మీద పరుచుకుని మాట్లాడుకోగలం, చిన్న తెర మీద ఇద్దరం చూడటం కష్టం.

పటం చెప్పనివి కూడా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది, ఈ ఏడాది ఆ ఏరియాలో జంతువులు ఎన్ని బతికి ఉన్నాయన్నది. 2022-23 చలికాలం పశ్చిమ వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్‌ను ఘోరంగా దెబ్బతీసింది. పైన్‌డేల్ చుట్టుపక్కల మైకోప్లాస్మా బోవిస్ అనే బ్యాక్టీరియా న్యుమోనియా కూడా సోకింది. శాఖ ఆ తర్వాత వేల సంఖ్యలో లైసెన్సులు తగ్గించింది. పాత గణాంకాలు చూసి ఎంచుకున్న ఏరియా ఇలాంటి చలికాలం తర్వాత ఖాళీగా కనబడొచ్చు. అందుకే శాఖ ప్రచురించే వేట ఫలితాల నివేదికల్లో ఒక్క ఏడాది కాకుండా కొన్నేళ్లవి పక్కపక్కన పెట్టి చూస్తాను. విజయ శాతం కన్నా, ఒక జంతువు దొరకడానికి సగటున ఎన్ని రోజులు పట్టిందో చెప్పే అంకె నాకు ఎక్కువ చెబుతుంది. ఎక్కువ రోజులు పట్టిందంటే జంతువులు తక్కువ అయినా అయి ఉండాలి, లేదా దారి దొరకక వేటగాళ్లు తిరుగుతూ అయినా ఉండాలి.

ఆ రెంటిలో ఏదో తేల్చుకోవడానికి ప్రాంతీయ కార్యాలయానికి ఫోను చేసి జీవశాస్త్రవేత్తతో మాట్లాడండి. ‘ఎక్కడ వేటాడమంటారు?’ అని అడిగితే వాళ్లు మాత్రం ఏం చెబుతారు? పటం ముందు పెట్టుకుని, ‘ఫలానా రోడ్డుకు ఉత్తరాన ఉన్న బీఎల్‌ఎం భూమిలో సెప్టెంబరు చివరికి నీళ్లు ఉంటాయా, ఈ రెండు వాక్-ఇన్ ముక్కల్లో దేని మీద రద్దీ తక్కువ’ అని అడగాలి. అలా అడిగినప్పుడు నాకు ఎదురైన మర్యాద, ఓపిక మరచిపోలేను. ఉపగ్రహ చిత్రంలో నాకు నిండుగా కనబడిన ఒక చెరువు చాలాకాలంగా ఎండిపోయే ఉందని ఆ జీవశాస్త్రవేత్త చెప్పారు. వేసవి చివర్లో ఆ మైదానాల్లో నీటి చుట్టూనే అంతా తిరుగుతుంది కాబట్టి, ఆ ఒక్క మాటతో మా ప్రణాళిక మారిపోయింది.

వాన పడితే అక్కడి బంకమట్టి రోడ్లు చక్రాలను పట్టేస్తాయి. కంకర పరచిన కౌంటీ రోడ్డుకు నడక దూరంలో ఇంకో చోటు తప్పకుండా గుర్తు పెట్టుకోండి. ఎండ రోజు అయితే మాంసం సంగతి ఆలోచించాలి. ప్రాంగ్‌హార్న్ మాంసం రుచి బాగుండదని అనేవాళ్లు ఉన్నారు. వెంటనే చర్మం తీసి చల్లబరిస్తే అంత మంచి మాంసం అరుదు. అందుకని బండి నుంచి రెండు మైళ్లు దాటిన చోటును నేను పటంలోనే కొట్టేస్తాను.

ఖర్చు సంగతి. బయటి రాష్ట్రాలవాళ్లకు మామూలు లైసెన్సు 326 డాలర్లు, ఎక్కువ రుసుముతో విడిగా జరిగే ‘స్పెషల్’ డ్రా అయితే 1,200 డాలర్లు, దేనికైనా దరఖాస్తు రుసుము 15 డాలర్లు అదనం. స్పెషల్‌కు కట్టినంత మాత్రాన మంచి భూమి రాదు, పోటీ తగ్గే అవకాశం ఉంటుందంతే. ఏడాదికి ఒక ప్రిఫరెన్స్ పాయింటు 31 డాలర్లు. బయటివాళ్లకు కేటాయించిన లైసెన్సుల్లో 75 శాతం పాయింట్ల వరుసలో, 25 శాతం పాయింట్లతో సంబంధం లేకుండా ఇస్తారు. బృందంగా పెడితే అందరి పాయింట్ల సగటు లెక్కిస్తారు. పాయింట్లు లేని స్నేహితుణ్ని చేర్చుకునే ముందు ఈ సంగతి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

మాంసం కోసమే వెళ్లేవాళ్లకు ఆడ జంతువు లేదా పిల్లకు ఇచ్చే లైసెన్సు 34 డాలర్లే, మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే. కానీ దరఖాస్తుకు ముందు హంట్ ప్లానర్‌లో ఆ ఏరియా మీద నొక్కి, ఆ లైసెన్సు రకం పక్కన రాసిన పరిమితిని అక్షరం అక్షరం చదవండి. ఈ రకం లైసెన్సులు చాలాచోట్ల ఏరియాలో ఒక భాగానికో, ప్రైవేటు భూమికో మాత్రమే చెల్లుతాయి.